తెలుగువారికి డచ్ వ్యాకరణం: మొదట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగాల కోసం నెదర్లాండ్స్ వచ్చిన తెలుగువారికి కొన్నేళ్లుగా వారాంతాల్లో డచ్ మొదటి పాఠాలు చెబుతున్నాను. బృందాలు మారుతున్నా ప్రశ్నలు దాదాపు ఇవే. డచ్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. రోమన్ అక్షరాలు కంటపడగానే మన నోరు ఇంగ్లీషు ఉచ్చారణకు వెళ్లిపోతుంది, అందుకని. ముందు చెవికి అలవాటు చేసుకోండి, స్పెల్లింగు పాఠ్యపుస్తకంలో చూసుకోవచ్చు. 'ఖ' అని రాసినచోట గొంతులో గరగరలాడే ధ్వనిగా, 'జ' అని రాసినచోట పళ్ల సందున తుమ్మెదలా రొద చేసే ధ్వనిగా చదువుకోండి.

నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. డచ్ తేలికగా వస్తుందా?

మాటలు తేలికగానే వస్తాయి. డచ్, ఇంగ్లీషు, జర్మన్ మూడూ పశ్చిమ జర్మానిక్ శాఖకు చెందిన అక్కచెల్లెళ్లు. 'వాతెర్' నీళ్లు, 'మెల్క్' పాలు, 'బూక్' పుస్తకం. మొదటి వారంలోనే ఎన్నో మాటలు తెలిసిన ముఖాల్లా కనిపిస్తాయి.

చిక్కు వాక్యం కట్టడం దగ్గర మొదలవుతుంది. మనసులో తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషు వాక్యాన్ని డచ్‌లోకి మారుస్తాం. అప్పుడు క్రియ తప్పుచోట పడుతుంది, కాలం తప్పుచోట పడుతుంది. తెలుగు వాక్యం పక్కనే నేరుగా డచ్ వాక్యం పెట్టి చూడండి. మాటల వరుసలో డచ్ చాలాచోట్ల ఇంగ్లీషు కన్నా తెలుగుకే దగ్గరగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను పట్టుబట్టి చెప్పేది ఇదే. కింది జవాబుల్లో కూడా మళ్లీ మళ్లీ అదే చెబుతాను.

వాక్యంలో మాటల వరుస ఎలా ఉంటుంది?

'ఇక్ ద్రింక్ కొఫి.' నేను కాఫీ తాగుతాను. ఇక్కడ కర్త, క్రియ, కర్మ అనే వరుస ఇంగ్లీషులాగే ఉంది. చాలామంది ఈ ఒక్క వాక్యం చూసి, డచ్ అంటే ఇంగ్లీషు వరుసే అని నిర్ణయించేసుకుంటారు. తర్వాతి వాక్యాలు చూడండి.

'ఇక్ విల్ కొఫి ద్రింకెన్.' నేను కాఫీ తాగాలనుకుంటున్నాను. 'విల్' ముందుకు వచ్చింది, 'ద్రింకెన్' అనే అసలు క్రియ చివరికి వెళ్లింది. 'కొఫి ద్రింకెన్' అంటే 'కాఫీ తాగడం', మన వరుసే.

'ఇక్ హెప్ కొఫి ఖెద్రొంకెన్.' నేను కాఫీ తాగాను. మళ్లీ 'కాఫీ' ముందు, 'తాగడం' తర్వాత.

'ఒమ్‌దత్ ఇక్ కొఫి ద్రింక్.' నేను కాఫీ తాగుతాను కాబట్టి. ఇక్కడ ముందుకు దూకిన క్రియ ఏదీ లేదు. నేను, కాఫీ, తాగుతాను. అచ్చంగా తెలుగు.

కాబట్టి సూత్రాన్ని ఇలా పట్టుకోండి. డచ్ క్రియ సొంతిల్లు వాక్యం చివర. ప్రధానవాక్యంలో మాత్రం, కర్తను బట్టి మారే ఒక్క క్రియ ఆ ఇల్లు వదిలి రెండో స్థానానికి వస్తుంది. మిగతా క్రియలన్నీ ఇంట్లోనే ఉంటాయి. ఇది నేను కల్పించిన ఉపాయం కాదు. డచ్ మూలంలో క్రియ చివర వచ్చే భాషే అని యాన్ కోస్టర్ అనే డచ్ భాషాశాస్త్రవేత్త 1975లోనే వాదించాడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఈ ముక్క తలకెక్కడానికి చాలాకాలం పడుతుంది. మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు అది, దాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషు వరుసను అరువు తెచ్చుకోవడం ఎందుకు?

కాలం, విధానం, చోటు కూడా అంతే. 'ఇక్ ఖా మొర్ఖెన్ మెత్ దె త్రెయ్న్ నార్ లెయ్దెన్.' నేను వెళ్తాను, రేపు, రైల్లో, లైడెన్‌కు. క్రియను చివరికి జరిపితే 'నేను రేపు రైల్లో లైడెన్‌కు వెళ్తాను' అనే తెలుగు వాక్యమే. ఇంగ్లీషులో ఈ మూడూ సాధారణంగా తలకిందుల వరుసలో వస్తాయి.

ఈ పోలిక ప్రతిచోటా పనికొస్తుందని మాత్రం అనను. ఉపవాక్యం చివర రెండు మూడు క్రియలు గుమిగూడినప్పుడు వాటి మధ్య వరుస మనకు ఎదురు. 'చదవాలనుకుంటున్నాను కాబట్టి' అనడానికి 'ఒమ్‌దత్ ఇక్ విల్ లేజెన్' అంటారు. అనుకోవడం ముందు, చదవడం తర్వాత.

'రెండో స్థానం' అంటే రెండో మాట అనా?

కాదు, రెండో పదబంధం. 'వందాఖ్ ద్రింక్ ఇక్ కొఫి', అంటే ఈరోజు నేను కాఫీ తాగుతాను. 'వందాఖ్' మొదటి స్థానం తీసుకుంది కనుక క్రియ రెండోది, కర్త మూడోది. 'ఇన్ దె ఒఖ్తెన్త్ ద్రింక్ ఇక్ కొఫి', అంటే ఉదయం పూట నేను కాఫీ తాగుతాను. 'ఇన్ దె ఒఖ్తెన్త్' మూడు మాటలైనా ఒకే పదబంధం, ఒకే స్థానం.

వాక్యాన్ని కాలంతో మొదలుపెట్టడం తెలుగువారి అలవాటు. నిన్న ఏమైందంటే, రేపు మేము, పొద్దున్నే ఆయన... అలా మొదలుపెట్టినప్పుడల్లా క్రియను వెంటనే పలికి, తర్వాతే కర్తను పలకాలి. 'వందాఖ్ ఇక్ ద్రింక్' అన్నది మన వాళ్ల నోట నేను ఎక్కువసార్లు సరిదిద్దే తప్పు.

'వన్త్', 'ఒమ్‌దత్' రెండూ 'ఎందుకంటే' అనేగా? ఏది వాడాలి?

రెండూ కారణమే చెబుతాయి, వాక్యం మాత్రం మారుతుంది. 'ఇక్ బ్లెయ్ఫ్ తౌయ్స్, వన్త్ ఇక్ బెన్ జీక్.' నేను ఇంట్లోనే ఉంటాను, ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు. 'ఇక్ బ్లెయ్ఫ్ తౌయ్స్, ఒమ్‌దత్ ఇక్ జీక్ బెన్.' ఒంట్లో బాగాలేనందువల్ల ఇంట్లోనే ఉంటాను. 'వన్త్' తర్వాత మామూలు ప్రధానవాక్యం వస్తుంది, 'ఒమ్‌దత్' తర్వాత క్రియ చివరికి పోతుంది. 'వన్త్' మన 'ఎందుకంటే' అనీ, 'ఒమ్‌దత్' మన 'బాగాలేనందువల్ల'లోని '-నందువల్ల' అనీ గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

'ఎన్' (మరియు), 'మార్' (కానీ), 'ఒఫ్' (లేదా), 'దుస్' (కనుక) కూడా 'వన్త్' జట్టే. 'దత్' (అని), 'అల్స్' (అయితే), 'తున్' (జరిగినప్పుడు), 'తెర్వెయ్ల్' (ఉండగా) 'ఒమ్‌దత్' జట్టు. 'ఇక్ వేత్ దత్ హెయ్ మొర్ఖెన్ కొమ్త్' అంటే 'అతను రేపు వస్తాడని నాకు తెలుసు'. ఉపవాక్యంతోనే మొదలుపెడితే మొత్తం ఉపవాక్యం ఒక స్థానం కింద లెక్క. 'ఒమ్‌దత్ ఇక్ జీక్ బెన్, బ్లెయ్ఫ్ ఇక్ తౌయ్స్.' రెండు క్రియలు పక్కపక్కనే రావడం మొదట్లో వింతగా అనిపిస్తుంది, కానీ అదే సరైన వాక్యం.

'దె' ఎప్పుడు, 'హెత్' ఎప్పుడు? నియమం ఏదైనా ఉందా?

అన్నిటికన్నా ముందు అందరూ అడిగే ప్రశ్న ఇదే. నామవాచకం ముందు వచ్చే, ఇంగ్లీషు 'ది' లాంటి ఆర్టికల్ డచ్‌లో రెండు రకాలు. నామవాచకాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు 'దె' జట్టులో ఉంటాయి. 'దె మన్' (పురుషుడు), 'దె ఫీత్స్' (సైకిలు), 'హెత్ హౌయ్స్' (ఇల్లు), 'హెత్ బూక్' (పుస్తకం). అర్థాన్ని బట్టి జట్టు పోల్చుకోవడం సాధారణంగా కుదరదు. మాటను ఆర్టికల్‌తో కలిపి ఒకే మాటగా నోటికి పట్టించుకోవడమే మార్గం. నోటుపుస్తకంలో 'హౌయ్స్' అని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకండి.

అయినా కొన్ని గట్టి ఆధారాలు ఉన్నాయి, అవి చాలా పని చేస్తాయి. బహువచనం ఏదైనా 'దె'. 'హెత్ బూక్' బహువచనంలో 'దె బూకెన్' అవుతుంది. చివర '-యె' వచ్చే చిన్నతనాన్ని తెలిపే రూపాలన్నీ 'హెత్'. భాషల పేర్లు 'హెత్', లోహాల పేర్లు 'హెత్'. క్రియ మూలరూపాన్ని నామవాచకంగా వాడితే 'హెత్', 'హెత్ ఏతెన్' అంటే తినడం, తిండి. '-ఇంగ్', '-హెయ్త్', '-త్సి' చివర వస్తే 'దె': 'దె రేకెనింగ్' (బిల్లు), 'దె వ్రెయ్‌హెయ్త్' (స్వేచ్ఛ), 'దె పొలీత్సి'. 'ఖె-'తో మొదలయ్యే రెండక్షరాల మాటలు చాలావరకు 'హెత్': 'హెత్ ఖెబౌ' (భవనం), 'హెత్ ఖెస్ప్రెక్' (సంభాషణ). సమాసాల్లో మన తత్పురుషలో లాగే ఉత్తరపదానిదే పెత్తనం. 'దె ఫీత్స్', 'హెత్ పత్' కలిస్తే 'హెత్ ఫీత్స్‌పత్', సైకిళ్ల దారి.

'హెత్ మెయ్ష్యె' అంటే అమ్మాయి. అమ్మాయి నపుంసకలింగం ఎలా అవుతుందని కొందరు నొచ్చుకుంటారు. ఆ మాట చివర చిన్నతనపు ప్రత్యయం ఉంది, అంతే. పైగా 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని రెండింటికీ ఒకే క్రియారూపం వాడే మనకు ఇది మింగుడు పడనిది కాకూడదు. ఆ అమ్మాయిని సర్వనామంతో చెప్పేటప్పుడు మాత్రం సాధారణంగా 'జెయ్' (ఆమె) అనే అంటారు.

ఇంకో విశేషం. 'దె' జట్టు వస్తువును 'అది' అనడానికి 'హెయ్' వాడతారు, అంటే 'అతడు'. 'వార్ ఇస్ మెయ్న్ ఫీత్స్? హెయ్ స్తాత్ బౌయ్తెన్.' నా సైకిలు ఎక్కడ? బయట ఉంది. వస్తువులకు 'హెత్' అనే అంటూ పోతే డచ్‌వారి చెవికి తప్పు తెలిసిపోతుంది.

విశేషణం చివర 'ఎ' ఎప్పుడు చేర్చాలి?

దాదాపు ఎప్పుడూ. 'ఖ్రోత్' అంటే పెద్ద. 'దె ఖ్రోతె మన్', 'ఎన్ ఖ్రోతె మన్', 'హెత్ ఖ్రోతె హౌయ్స్', 'ఖ్రోతె హౌయ్జెన్'. ముఖ్యంగా ఒకచోట చేరదు. 'హెత్' జట్టు మాట, ఏకవచనం, ముందు 'ఎన్' (ఒక) ఉన్నప్పుడు 'ఎన్ ఖ్రోత్ హౌయ్స్' అనాలి. విశేషణం నామవాచకం ముందు కాకుండా క్రియతో వస్తే మార్పేమీ ఉండదు: 'హెత్ హౌయ్స్ ఇస్ ఖ్రోత్', ఇల్లు పెద్దది. చూశారా, ఇక్కడ కూడా 'హెత్' మాటలేవో తెలిసి ఉండాలి. 'ఈ', 'ఆ' చెప్పడానికి కూడా అంతే: 'దె' జట్టుకు 'దేజె', 'దీ', 'హెత్' జట్టుకు 'దిత్', 'దత్'.

స్పెల్లింగులో అచ్చు ఒకసారి రెండు, ఒకసారి ఒకటి ఎందుకు?

ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే పద్యాలకు గణవిభజన చేసినవారికి దీని జవాబు సగం ముందే తెలుసు. 'మన్' అంటే పురుషుడు, 'మాన్' అంటే చంద్రుడు. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ వేరు గుర్తులున్నాయి. డచ్‌లో ఒకే అక్షరం, దాన్ని రెండుసార్లు రాస్తే దీర్ఘం. ఇప్పుడు బహువచనం చేయండి. చంద్రులు 'మా-నెన్', పురుషులు 'మన్-నెన్'. 'మా' తర్వాత విరిగింది, హల్లు రెండో భాగానికి వెళ్లిపోయింది, అచ్చుతో ముగిసిన ఆ భాగం తనంతట దీర్ఘమే, అందుకని ఇక అచ్చును రెండుసార్లు రాయరు. 'మన్నెన్'లో హ్రస్వాన్ని కాపాడాలి కనుక 'న' ద్విత్వం అవుతుంది. స్పెల్లింగు ఎంత మారినా, పలికే దీర్ఘం దీర్ఘంగానే, హ్రస్వం హ్రస్వంగానే ఉండాలన్నదే నియమం.

క్రియల్లోనూ ఇదే. మూలరూపం 'మాకెన్' (చేయడం) లో ఒక్క అచ్చే రాస్తారు, 'ఇక్ మాక్' (నేను చేస్తాను) లో రెండు రాస్తారు. దీన్ని బట్టీ పట్టకండి, చప్పట్లు కొట్టి విడగొట్టుకోండి.

క్రియలు కర్తను బట్టి ఎలా మారతాయి?

తెలుగు క్రియలు వచ్చినవారికి ఇది చాలా తక్కువ పని. మూలరూపం 'వెర్కెన్' (పనిచేయడం). 'ఇక్ వెర్క్', 'యెయ్ వెర్క్త్', 'హెయ్ వెర్క్త్', బహువచనం అంతటికీ 'వెర్కెన్'. కర్త 'యెయ్' (నువ్వు) క్రియ తర్వాత వస్తే ఆ 'త్' రాలిపోతుంది: 'వెర్క్ యెయ్ వందాఖ్?' నువ్వు ఈరోజు పనిచేస్తున్నావా? 'హెయ్'కి మాత్రం రాలదు. రెండు ముఖ్యమైన క్రియలు నేరుగా నేర్చుకోండి. ఉండడం: 'ఇక్ బెన్, యెయ్ బెన్త్, హెయ్ ఇస్, వెయ్ జెయ్న్'. కలిగి ఉండడం: 'ఇక్ హెప్, యెయ్ హెప్త్, హెయ్ హేఫ్త్, వెయ్ హెబ్బెన్'.

'నువ్వు', 'మీరు' తేడా ఉందా?

ఉంది. 'యెయ్' నువ్వు, 'ఊ' మీరు. ('ఈ' అంటూ పెదవులను 'ఊ'కి చుట్టి పలకాలి.) పలువురిని 'యుల్లి' అంటారు. కానీ గీత మనం గీసిన చోట ఉండదు. ఆఫీసులో పైఅధికారిని కూడా చాలాచోట్ల 'యె' ('యెయ్'ని తేల్చి పలికే రూపం) అనే పిలుస్తారు, అది అమర్యాద కాదు. పరిచయం లేని పెద్దవారితో, మొదటిసారి కలిసిన డాక్టరుతో, అధికారులతో 'ఊ' అనండి. వాళ్లే 'యె' అనమంటే మారండి. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 'ఖెయ్' అనే మరో రూపం వినిపిస్తుంది. అర్థం చేసుకుంటే చాలు, మొదట్లో మీరు వాడనక్కర్లేదు.

'లేదు', 'కాదు' ఎలా చెప్పాలి?

'నీత్', 'ఖేన్' అని రెండున్నాయి. అవి మన 'లేదు', 'కాదు' గీత మీద సరిగ్గా పడవు, కనుక ఇక్కడ తెలుగును కాస్త పక్కన పెట్టాలి. ఆర్టికల్ లేని నామవాచకాన్నో, 'ఎన్' (ఒక) ఉన్న నామవాచకాన్నో కాదంటే 'ఖేన్'. 'ఇక్ హెప్ ఖేన్ తెయ్త్', నాకు సమయం లేదు. మిగతా అన్నింటికీ 'నీత్'. 'దె సూప్ ఇస్ నీత్ వర్మ్', సూపు వేడిగా లేదు. 'ఇక్ ఖా నీత్ నార్ లెయ్దెన్', నేను లైడెన్‌కు వెళ్లను. నిర్దిష్టమైన కర్మ ఉంటే 'నీత్' దాని తర్వాత వస్తుంది: 'ఇక్ హెప్ దత్ బూక్ నీత్ ఖెలేజెన్', నేను ఆ పుస్తకం చదవలేదు. ఆ పుస్తకం, లేదు, చదవడం.

జరిగిపోయినదాన్ని ఎలా చెప్పాలి?

మాటల్లో ఎక్కువగా 'హెబ్బెన్'తో కలిపిన రూపమే వినిపిస్తుంది: 'ఇక్ హెప్ ఖెవెర్క్త్', పనిచేశాను. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లడం, ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం అయితే 'జెయ్న్'తో: 'ఇక్ బెన్ నార్ లెయ్దెన్ ఖెఖాన్', లైడెన్ వెళ్లాను. కథలా వరుసగా చెప్పేటప్పుడు, వర్ణించేటప్పుడు 'వెర్క్‌తె', 'వోన్‌దె' (పనిచేశాను, నివసించాను) వంటి సాదా రూపాలు వస్తాయి.

చివర 'త' రావాలా 'ద' రావాలా అన్నదానికి డచ్ పిల్లలు 'త్ కొఫ్‌స్ఖిప్' అనే మాట గుర్తుపెట్టుకుంటారు. అది ఒక రకం పాతకాలపు ఓడ. అందులోని హల్లులతో ధాతువు ముగిస్తే 'త', లేకపోతే 'ద'. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఆ ఓడ అవసరం కూడా లేదు. ఆ హల్లులన్నీ క, త, ప వంటి పరుషాలు, లేదా స, ఫ, ఖ వంటి ఊపిరి ధ్వనులు. నాదం లేని హల్లు తర్వాత నాదం లేని 'త', మిగతావాటి తర్వాత 'ద'. చూడాల్సింది మూలరూపంలోని హల్లును. 'లేవెన్' (జీవించడం) లో 'వ' ఉంది కనుక 'ద'.

మాట చివర కూడా ఇదే జాతి మార్పు జరుగుతుంది. సరళం పరుషంగా పలుకుతుంది. కుక్క 'హొంత్', కుక్కలు 'హొన్దెన్'. రాసేటప్పుడు రెండింటిలోనూ 'ద' అక్షరమే.

ఇవి కాక మూలం మారిపోయే పాత క్రియలు చాలా ఉన్నాయి. 'ద్రింకెన్, ద్రొంక్, ఖెద్రొంకెన్'. రోజుకు రెండు చొప్పున నేర్చుకోండి.

ఒకే క్రియ రెండు ముక్కలై వాక్యం రెండు చివర్లకూ ఎందుకు పోతుంది?

'మేనేమెన్' అంటే వెంట తీసుకెళ్లడం. 'ఇక్ నేమ్ మెయ్న్ దొఖ్తెర్ మే.' నా కూతురిని వెంట తీసుకెళ్తాను. ('దొఖ్తెర్' మన 'దుహిత'కు చుట్టమే.) 'నేమెన్' రెండో స్థానానికి వచ్చింది, 'మే' చివర ఆగిపోయింది. మొదట చెప్పిన సొంతిల్లు ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. క్రియ బయటికి వెళ్తూ తన ముక్కను ఇంట్లోనే వదిలింది. ఉపవాక్యంలో క్రియ ఇల్లు కదలదు కనుక రెండూ కలిసే ఉంటాయి: 'ఒమ్‌దత్ ఇక్ మెయ్న్ దొఖ్తెర్ మేనేమ్'. వినేటప్పుడు వాక్యం చివరి ముక్క దాకా ఆగండి, అది వినకపోతే అర్థం మారిపోతుంది. 'కొనడానికి' వంటి ప్రయోజనార్థం కూడా చివరే: 'ఇక్ ఖా నార్ దె వింకెల్ ఒమ్ బ్రోత్ తె కోపెన్', రొట్టె కొనడానికి దుకాణానికి వెళ్తున్నాను.

'ఉంది' అనడానికి ఇన్ని క్రియలు ఎందుకు?

తెలుగులో పుస్తకం బల్ల మీద ఉంది, కంచం బల్ల మీద ఉంది, తాళంచెవి సంచిలో ఉంది, చొక్కా బీరువాలో ఉంది. డచ్‌లో వస్తువు ఏ భంగిమలో ఉందో చెప్పకుండా సాధారణంగా 'ఉంది' అనరు. పుస్తకం పడుకుని ఉంటుంది, 'లిఖ్త్'. అదే పుస్తకం అరలో నిలబెడితే 'స్తాత్'. కంచానికి అడుగు ఉంది కనుక బల్ల మీద 'స్తాత్'. తాళంచెవి సంచి లోపల ఇమిడి ఉంటే 'జిత్', కూర్చుని ఉన్నట్టు. చొక్కా వేలాడుతుంది. ఊళ్లు పడుకుని ఉంటాయి, 'లెయ్దెన్ లిఖ్త్ ఇన్ జౌయ్త్-హొలన్త్', లైడెన్ దక్షిణ హాలండ్‌లో ఉంది. పత్రికలో అచ్చయిన వార్త నిలబడి ఉంటుంది.

నేను దీన్ని వంటింట్లోనే నేర్చుకున్నాను. గిన్నెలు సర్దుతూ ఒక్కోదాని గురించీ పైకి చెప్పుకునేదాన్ని. గిన్నె నిలబడి ఉంది, గరిటె పడుకుని ఉంది, పప్పు డబ్బాలో కూర్చుంది, తువ్వాలు వేలాడుతోంది. రెండు వారాలు ఇలా చేస్తే వ్యాకరణ పుస్తకం అవసరం రాదు. ఎక్కడో ఏదో ఉందని కొత్తగా చెప్పేటప్పుడు ముందు 'ఎర్' వస్తుంది: 'ఎర్ స్తాత్ ఎన్ బోమ్ వోర్ హెత్ హౌయ్స్', ఇంటి ముందు ఒక చెట్టు ఉంది.

అంకెలు, గడియారం?

21ని 'ఏనెన్‌త్వింతెఖ్' అంటారు, అంటే ఒకటీ ఇరవై. తలకిందులుగా ఉందని కంగారుపడకండి. వినాయకచవితి నాడు చేసే ఏకవింశతి పత్రపూజలో ఏక ముందు, వింశతి తర్వాత. అదే వరుస. ఫోను నంబరు చెప్పించుకునేటప్పుడు మాత్రం ఒక్కో అంకెగా చెప్పమని అడగండి.

గడియారం విషయంలో నిజంగా జాగ్రత్త కావాలి. 'హల్ఫ్ అఖ్త్' మాటకు మాట చూస్తే 'సగం ఎనిమిది'. అది ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర. ఎనిమిదివైపు సగం దారి అని. వచ్చిన మొదటి ఏడాది పంటి వైద్యానికి 'హల్ఫ్ అఖ్త్'కి రమ్మంటే ఎనిమిదిన్నరకు వెళ్లాను. నాకిచ్చిన సమయం ఎప్పుడో దాటిపోయింది, నొప్పితోనే తిరిగి వచ్చాను. ఈ అర్ధగంట చుట్టూనే దానికి దగ్గరి నిమిషాలు కూడా చెబుతారు. 'వెయ్ఫ్ వోర్ హల్ఫ్ అఖ్త్' ఏడూ ఇరవై ఐదు, 'వెయ్ఫ్ ఓవెర్ హల్ఫ్ అఖ్త్' ఏడూ ముప్పై ఐదు. ఏ అపాయింట్‌మెంటైనా అంకెల్లో రాయించుకోండి.

'తొఖ్', 'ఏవెన్', 'హోర్' వంటి చిన్న మాటలకు అర్థమేమిటి?

నిఘంటువు చూస్తే తికమకపడతారు, తెలుగు చూస్తే తేలిపోతుంది. 'యె కొమ్త్ మొర్ఖెన్, తొఖ్?' రేపు వస్తున్నావు కదా? 'ఏవెన్ వఖ్తెన్', కాస్త ఆగండి. 'నే హోర్', లేదులెండి. 'కొమ్ మార్ బిన్నెన్', లోపలికి రండి, పర్వాలేదు. 'కదా', 'కాస్త', 'లెండి' లేని తెలుగు ఎంత మొరటుగా ఉంటుందో, ఇవి లేని డచ్ అంతే. '-యె' ప్రత్యయం కూడా ఈ కోవదే. 'హౌయ్స్' ఇల్లయితే 'హౌయ్‌ష్యె' చిన్నిల్లు. చాలాసార్లు పరిమాణం కోసం కాకుండా ఆప్యాయత కోసం వాడతారు.

ఉచ్చారణలో మనకు ఏది కష్టం, ఏది సులువు?

క, త, ప ధ్వనులు గాలి ఊదకుండా పలకాలి, అది మనకు సహజం. హైదరాబాదు ఉర్దూ విన్నవారికి 'ఖబర్'లోని 'ఖ' తెలుసు, అదే డచ్ గొంతుధ్వనికి దారి. 'హౌయ్స్'లోని అచ్చు మాత్రం తెలుగులో లేదు. నోటిలో 'ఎ'తో మొదలుపెట్టి పెదవులు గుండ్రంగా చుట్టాలి.

ఈ 'హౌయ్స్' తెలుగునేలకు ఎప్పుడో వచ్చింది. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ కొద్దికాలంలోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది. మచిలీపట్నంలోనూ భీమునిపట్నంలోనూ డచ్‌వారి సమాధులు నేటికీ ఉన్నాయి. మన 'కక్కూసు' డచ్‌వారి 'కక్‌హౌయ్స్' నుంచి వచ్చిందని చెబుతారు. మన పూర్వికులు ఆ కష్టమైన అచ్చును 'ఊ' చేసి సులువు చేసుకున్నారు. మీరు మాత్రం అసలు ధ్వని కోసం ప్రయత్నించండి.

పరీక్షలకు ఎంత వ్యాకరణం కావాలి?

ఇక్కడ చెప్పినవన్నీ ఏ2 స్థాయికి (యూరప్ భాషా కొలమానంలో రెండో మెట్టు) కావాలి. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన పౌర సమీకరణ చట్టం (వలస వచ్చినవారి కోసం చేసినది) తన పరిధిలోకి వచ్చేవారికి బి1ను, అంటే ఆ పై మెట్టును, లక్ష్యంగా పెట్టింది. మీకు ఏది వర్తిస్తుందన్నది మీ నివాస అనుమతి రకాన్ని బట్టి ఉంటుంది, ప్రభుత్వ సమాచారంలోనే చూసుకోండి.

నేను డచ్‌లో మొదలుపెట్టగానే వాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతున్నారు. ఏం చేయాలి?

వాళ్లు సాయం చేస్తున్నామనే అనుకుంటారు. నొచ్చుకోకండి, ఊరుకోకండి కూడా. ఈ ఒక్క వాక్యం నోటికి పట్టించుకుని వెళ్లండి: 'ఇక్ విల్ ఖ్రాఖ్ నేదెర్లన్త్స్ ఊఫెనెన్.' నేను డచ్ సాధన చేయాలనుకుంటున్నాను. 'నేదెర్లన్త్స్ ఊఫెనెన్', డచ్ సాధన చేయడం, క్రియ చివర. రొట్టెల దుకాణంలో, బడి గేటు దగ్గర, పక్కింటి పెద్దావిడతో ఈ మాట అన్నప్పుడు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడతామని పట్టుబట్టినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. వాళ్లు కాస్త నెమ్మదిగా మాట్లాడతారు. మీరు వాక్యం చివరిదాకా వినండి.